అత్తయ్య వెళ్ళిపోతే గేదె చేపుతుందా?

ప్రశ్న: మాది పల్నాడు జిల్లాలో ఒక పల్లె. మా అత్తయ్యకు డెబ్భై దాటాయి. మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి, ఆపరేషన్ చేయించాలన్నారు. సంక్రాంతికి బావగారు వాళ్ళు వచ్చి, పండగయ్యాక ఆవిడను హైదరాబాద్ తీసుకెళ్తారు. ఇక అక్కడే ఉంటుందని అనుకుంటున్నారు. మాకు రెండు గేదెలు, ఒక పెయ్యదూడ, పదిహేను దాకా నాటుకోళ్ళు, ఒక కుక్క ఉన్నాయి. ఇంతకాలం వాటన్నిటినీ అత్తయ్యే చూసుకుంది. నేను పొలం పనులకు పోతాను. పెద్ద గేదె దీపావళి ముందు ఈనింది. అది నా చేతికి చేపడం లేదు, అంటే పొదుగులోకి పాలు దించడం లేదు, కాలు విసురుతోంది. అత్తయ్య వచ్చి పక్కన కూర్చుంటే చాలు, చేపుతుంది. పాలు పోసే చోట ఒకాయన సూది వేస్తే సరిపోతుందన్నాడు. దూడ నాలుగు రోజులుగా పారుకుంటోంది. రెండు కోళ్ళు మెడ మెలితిప్పుకుని చచ్చిపోయాయి. మా ఆయనేమో "అమ్మ వెళ్ళాక గేదెల్ని అమ్మేద్దాం, ముందే చెబితే ఏడుస్తుంది, చెప్పొద్దు" అంటున్నారు. అత్తయ్య వెళ్ళే సంగతే ఎత్తదు. పొద్దస్తమానం గొడ్లచావిట్లోనే కూర్చుంటోంది. ఎదురుపడితే ఇద్దరికీ ఏడుపొస్తుందని నేను తప్పుకు తిరుగుతున్నాను. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, మీరు రాసినవాటిలో దూడ సంగతి, కోళ్ళ సంగతి ఇవాళ చూడాల్సినవి. ముందు వాటి గురించి చెప్పి, తర్వాత మీ అత్తయ్య దగ్గరకు వస్తాను.

దూడ నాలుగు రోజులుగా పారుకుంటోందంటే ఇంకో రోజు చూద్దామని ఆగకండి. మెడ దగ్గర చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని లాగి వదలండి. వెంటనే సర్దుకుంటే ఫర్వాలేదు. మడత అలాగే నిలబడి మెల్లగా దిగితే ఒంట్లో నీరు తగ్గిపోయిందని అర్థం. కళ్ళు లోపలికి పోయినా, చెవులు, కాళ్ళు చల్లబడినా, లేచి నిలబడకపోయినా అదే గంటలో డాక్టర్ చూడాలి. పశువుల అంబులెన్స్ కోసం 1962కు ఫోన్ చేయండి. లేదంటే మీ ఊరి పశుసంవర్ధక సహాయకుణ్ణి పిలిపించండి. ఈలోగా లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా పట్టండి. మనుషులకు వాడే ఓఆర్ఎస్ పొట్లం దొరికితే అదీ పనికొస్తుంది. పాలల్లో మాత్రం కలపొద్దు. పాలు తాగాక కాసేపు ఆగి విడిగా పట్టాలి. కొందరు పారుడు తగ్గేదాకా పాలు పూర్తిగా మానిపిస్తారు. అది మంచిది కాదు, దూడ ఇంకా నీరసపడుతుంది. కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తాగనివ్వండి.

కారణం ఏమై ఉంటుందో మీ ఉత్తరంలోనే కొంత ఉంది. నెల దాటిన గేదెదూడకు మొదట అనుమానించాల్సింది ఏలికపాములను. తల్లి ఒంట్లో దాగిన పిల్ల పురుగులు పాలతోపాటే దూడ కడుపులోకి దిగుతాయి. అందుకే గేదెదూడకు పుట్టిన పది పదిహేను రోజులకే మొదటిసారి నట్టల మందు పట్టించాలి, ఆ తర్వాత ఆరు నెలలదాకా నెలనెలా పట్టించాలి. మీ అత్తయ్య పట్టించారో లేదో అడగండి. మోకాళ్ళ నొప్పుల్లో ఈ ఒక్కటీ మరిచిపోయి ఉండొచ్చు. అయితే ఎన్నాళ్ళ క్రితం అన్నది మాత్రమే అడగండి. తప్పు పట్టినట్టు అడగొద్దు, వెళ్ళిపోయే ముందు ఆవిడకు ఆ మాట గుచ్చుకుంటుంది. మందు ఎంత పట్టాలో దూడ బరువును బట్టి ఉంటుంది, అది డాక్టర్‌ను తేల్చనివ్వండి.

ఇంకో కారణం కూడా ఉందనిపిస్తోంది. గేదె మీ చేతికి చేపకపోతే మీరేం చేస్తున్నారు? విసిగిపోయి దూడను వదిలేస్తున్నారు కదా. చేపని పాలన్నీ అది ఒక్కసారిగా తాగేస్తోంది. పసిదూడకు రోజుకు దాని బరువులో పదో వంతు పాలు చాలు. ముప్పై ముప్పై అయిదు కిలోల దూడకు మూడు, మూడున్నర లీటర్లు సరిపోతాయి. ఒక పూట ఆకలితో ఉంచి ఇంకో పూట కడుపు పగిలేలా తాగనిస్తే ఎంత మంచి దూడైనా పారుకుంటుంది. కాబట్టి గేదె చేపు సమస్య తీరితే దూడ సమస్య సగం తీరుతుంది.

కోళ్ళు మెడ మెలితిప్పుకుని పోయాయంటే, పచ్చగా తెల్లగా రెట్ట వేస్తుంటే, నోరు తెరిచి గురగురమంటుంటే అది కొక్కెర తెగులు. దానికి మందు లేదు, టీకానే దిక్కు. చచ్చిన కోడిని పెంటకుప్ప మీద పారేయకండి. కుక్క ఈడ్చుకుపోతుంది, ఊరంతా అంటుతుంది. లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చిపెట్టండి. మందకొడిగా ఉన్నవాటిని విడిగా గంప కింద ఉంచండి. ఆరోగ్యంగా ఉన్నవాటికి టీకా సంగతి డాక్టర్‌ను అడగండి. ముందుముందు పిల్లలకు మొదటి వారంలో కంట్లోనో ముక్కులోనో చుక్క వేయించి, రెండు నెలలు నిండాక రెక్క కింద సూది వేయిస్తే ఈ బెడద చాలావరకు ఉండదు. రాబోయేది పందేల కాలం కాబట్టి ఒక మాట. ఎవరైనా పందెంకోడిని తెచ్చి మీ ఇంట్లో కట్టేస్తామంటే ఒప్పుకోవద్దు. తెగులు అలాగే ఊరూరా తిరుగుతుంది. ఒక్కరోజులో గుంపుగా చచ్చిపోతే మాత్రం చేత్తో ముట్టుకోకుండా వెంటనే పశువైద్యశాలకు కబురు చేయండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది. అది వేరే జబ్బు, మనుషులకు కూడా జాగ్రత్త అవసరం.

ఇక గేదె గురించి.

అది మొండిదని, మీమీద కోపమని అనుకోవద్దు. చేపడం గేదె చేతిలో ఉండదు. దూడ కుడిచినప్పుడో, తెలిసిన చెయ్యి పొదుగును తాకినప్పుడో ఆ కబురు నరాల మీదుగా మెదడుకు చేరుతుంది. మెదడు ఆక్సిటోసిన్ అనే హార్మోన్‌ను రక్తంలోకి వదులుతుంది. అది పొదుగుకు చేరి, పాలు తయారయ్యే సన్నటి తిత్తులను పిండితే పాలు కిందికి దిగుతాయి. ఆవుకైతే ఆ పని జరగకముందే పాలల్లో కొంత వాటా పొదుగు అడుగున చేరి ఉంటుంది. గేదెకు అలా చేరేది నూటికి అయిదు వంతులే, మిగిలినవన్నీ పైన తిత్తుల్లోనే ఉంటాయి. కాబట్టి గేదె చేపకపోతే ఎంత బలంగా పిండినా చెంబు అడుగు తడవదు. పైగా చేపడానికి ఆవుకంటే ఎక్కువసేపు పడుతుంది. రెండు నిమిషాలు ఓపిక పట్టాలి, కొన్నిటికి ఇంకా ఎక్కువ. బెదురు, నొప్పి, కొత్త మనిషి, అరుపులు ఉంటే ఒంట్లో పుట్టే ఇంకో హార్మోన్ ఈ పనంతా ఆపేస్తుంది. మీరు భయపడుతూ కూర్చుంటారు, మీ చేతుల బిగువుకు అది బెదురుతుంది, పాలు దిగవు. మీరు ఇంకా గట్టిగా లాగుతారు, అది కాలు విసురుతుంది.

ముందు నొప్పి ఏమైనా ఉందేమో చూడండి. చనులకు పగుళ్ళు, దూడ పళ్ళ గాట్లు ఉన్నాయా? పొదుగు ఒకవైపు వేడిగా, గట్టిగా ఉందా? మొదటి రెండు ధారలు నల్లటి గుడ్డ మీద పిండి చూడండి. పాలు విరిగినట్టు గడ్డలు కనబడితే పొదుగువాపు మొదలైనట్టే. అప్పుడు ఎవరు కూర్చున్నా తన్నుతుంది, మందు కావాలి. అత్తయ్య చేతికి తన్నకుండా నిలబడుతోంది కాబట్టి మీ గేదెకు అది కాకపోవచ్చు, అయినా చూడటం మంచిది.

నొప్పి లేదని తేలితే మిగిలింది అలవాటు. ఆ అలవాటును ఒక చెయ్యి నుంచి ఇంకో చేతికి మార్చాలి. సంక్రాంతికి ఇంకా నెల పైచిలుకు ఉంది. అది చాలా మంచి సమయం. అత్తయ్య వెళ్ళాక మొదలుపెట్టి ఉంటే చాలా కష్టమయ్యేది.

మొదటి వారం మీరు పాలు పితకొద్దు. అత్తయ్య వెంట వెళ్ళండి. దాణా మీరే పెట్టండి. గోరువెచ్చటి నీళ్ళతో పొదుగు మీరే కడగండి, పొడిగుడ్డతో తుడవండి. దూడను మీరే వదలండి, నోట నురగ వచ్చి తోక ఆడించేదాకా నాలుగు చనులూ కుడవనిచ్చి మీరే లాగి కట్టేయండి. పిండటం మాత్రం ఆవిడే పిండాలి. ఈ వారంలో గేదెకు తెలిసేది ఒక్కటే: ఈ మనిషి వస్తే దాణా వస్తుంది, దూడ వస్తుంది.

ఆ తర్వాత అత్తయ్య మొదలుపెట్టి, పాలు ధారగా పడుతుండగా లేవాలి, మీరు కూర్చోవాలి. చేపిన పాలు అయిదారు నిమిషాలకు మించి ఆగవు కాబట్టి ఆ మార్పిడి చటుక్కున జరగాలి. మాటలు పెట్టుకోవద్దు. ఇది కుదిరాక మీరే మొదలుపెట్టండి, అత్తయ్య గేదె తల దగ్గర నిలబడి మెడ నిమురుతూ ఉంటారు. మోకాళ్ళతో నిలబడలేరు కదా, కొట్టంలో ఒక కుర్చీ వేయండి. తర్వాత ఆ కుర్చీ చావిడి గుమ్మం దాకా జరగాలి, ఆ తర్వాత వరండాలోకి. ఆవిడ గొంతు వినబడుతూ ఉంటుంది, మనిషి మాత్రం కనబడదు. చివరి వారానికి ఆవిడ ఇంట్లో ఉండగా మీరొక్కరే పితికి రావాలి. మధ్యలో ఒకరోజు చెడితే కంగారు పడకుండా ఒక అడుగు వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టండి.

అత్తయ్య పాలు పితికేటప్పుడు కట్టుకునే పాత చీర ఒకటి ఉంటుంది కదా. అది మీరు కట్టుకోండి, ఉతక్కుండా. గేదె మనుషుల్ని వాసనతోనూ గుర్తుపడుతుంది. ఆడవాళ్ళ చేతికి అలవాటైన గేదె దగ్గర మగవాళ్ళు చీర చుట్టుకుని కూర్చోవడం పల్లెల్లో అందరూ చూసిందే. అదే చెంబు, అదే పీట, అదే వైపు, అదే వేళ. ఆవిడ కూర్చోగానే ఏమంటారో వినండి. "హోయ్ అమ్మా, నిలు" అంటారో, నాలుకతో టక్‌టక్‌మని చప్పుడు చేస్తారో, కూనిరాగం తీస్తారో. అదే మీరూ చేయండి. సిగ్గుపడొద్దు.

ఆవిడ చేతినీ దగ్గర నుంచి చూడండి, ఒక్కటి తప్ప అన్నీ నేర్చుకోండి. మన పల్లెల్లో చాలామంది బొటనవేలు మడిచి, ఆ కణుపుతో చనును నొక్కి పిండుతారు. తొందరగా పాలు వస్తాయి గానీ లోపల చను గాయపడుతుంది, నెమ్మదిగా గడ్డ కడుతుంది. పిడికిలి నిండా చనును పట్టుకుని పైవేలి నుంచి కిందివేలి దాకా వరసగా మూసుకుంటూ రండి. మొదట చేతులు పీకుతాయి, పది రోజుల్లో అలవాటవుతాయి. వేళ్ళు పాలల్లో ముంచి తడిచేత్తో పితకొద్దు. గోళ్ళు తీసుకోండి, గాజులు మోచేతి వైపు జరుపుకోండి. పితికాక అరగంటసేపు గేదె పడుకోకుండా కాస్త పచ్చిమేత వేయండి. అప్పటికి చనుల రంధ్రాలు మూసుకుంటాయి, పేడలోని సూక్ష్మజీవులు లోపలికి పోవు.

పాలు పోసే చోట ఆయన చెప్పిన సూది మాత్రం వద్దు. అది ఆ ఆక్సిటోసినే, బయట నుంచి ఎక్కించేది. ఈనడం కష్టమైనప్పుడు, మాయ పడనప్పుడు డాక్టర్ తన లెక్కలో వాడే మందు అది. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. పాల కోసం పశువు ఆరోగ్యానికి హాని చేసే సూదులు వేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 12వ సెక్షన్ కింద నేరం కూడా. చట్టం సంగతి పక్కన పెట్టినా, రెండు పూటలా సూదికి అలవాటు పడ్డ గేదె ఇక దూడకూ చేపదు, చేతికీ చేపదు. రోజుకు రెండుసార్లు దాని మెడ మీద పోటు. పశువైద్యశాలలో పనిచేసిన రోజుల్లో అలా అలవాటైన గేదెల్ని మానిపించడానికి వచ్చినవాళ్ళను చూశాను. కొత్త చేతికి అలవాటు చేయడం దానికంటే ఎంతో తేలిక.

మీ ఆయన మాటకు వస్తాను. ఆయనది అమ్మ మీద ప్రేమే, అందులో నాకు సందేహం లేదు. కానీ చెప్పకుండా అమ్మడం మాత్రం వద్దు. ఆవిడ హైదరాబాద్ చేరిన పూటే ఫోన్ చేసి మొదట అడిగేది మనవళ్ళ సంగతి కాదు, గేదె చేపిందా అని. అప్పుడు మీరు ఏం చెబుతారు? చేపిందని అబద్ధం చెబితే రేపు దూడ గురించి ఇంకో అబద్ధం చెప్పాలి. ఉగాదికి ఆవిడ ఊరొచ్చి ఖాళీ గుంజ చూస్తే ఇంట్లో ఇంకెవరి మాటా నమ్మదు. ఆపరేషన్ అయి మంచం మీద ఉన్న మనిషికి ఎవరో ఊరివాళ్ళు ఫోన్‌లో చెబితే ఇంకా ఘోరం.

అమ్మడం తప్పని నేను అనడం లేదు. మీది మిర్చి పొలమో పత్తి పొలమో రాయలేదు గానీ, మిర్చి అయితే సంక్రాంతి దాటగానే కోతలు మీద పడతాయి. తెల్లారుజామున లేచి రెండు గేదెల పేడ తీసి, పాలు పితికి, పోసి వచ్చి, కూలీలతో పొలానికి వెళ్ళి, మళ్ళీ సాయంత్రం అదే పని. ఒక్క చేతి మీద కష్టం. నా సలహా ఏమిటంటే ఒక గేదెను ఉంచుకోండి, ఒకదాన్ని అమ్మండి. కానీ ఏది ఉంచాలో, ఏది అమ్మాలో, ఎవరికి అమ్మాలో అత్తయ్యను అడిగి చేయండి. ఏ గేదె ఎన్ని ఈతలది, ఏది చూడి నిలవడానికి సతాయిస్తుంది, ఏది ఎండాకాలంలో పాలు తగ్గించేస్తుంది, ఏ ఇంట్లో గొడ్డును కడుపు నిండా మేపుతారు, ఇవన్నీ ఆవిడకు తెలిసినంత మీ ఇద్దరికీ తెలియవు. బేరం దగ్గర ఆవిడ మంచం వేసుకుని కూర్చుంటే ధర కూడా దిగదు. వచ్చిన డబ్బులో ఆవిడ చేతిలో కొంత పెట్టండి. ఇన్నేళ్ళు పాలడబ్బుతో ఇంటి ఖర్చు నడిపిన మనిషి, రేపు కొడుకింట్లో మందుబిళ్ళకు కూడా చెయ్యి చాచాల్సిన పరిస్థితి రాకూడదు. ఈ మాట మీ ఆయనకు మీరే చెప్పండి. కొడుకుకు తోచకపోవచ్చు.

ఏడుస్తుందని భయపడుతున్నారు. ఏడవనివ్వండమ్మా. ఆవిడ ఏడ్చేది ఎలాగూ ఏడుస్తుంది. ఇక్కడ మీ పక్కన కూర్చుని ఏడవాలా, అక్కడ అపార్ట్‌మెంట్‌లో తలుపేసుకుని ఏడవాలా అన్నదొక్కటే మీ చేతిలో ఉంది.

మీరు తప్పుకు తిరగడం మాత్రం ఇవాళే మానేయండి. ఆవిడ వైపు నుంచి చూడండి. చావిట్లో ఎందుకు కూర్చుంటోంది? గొడ్లను విడవలేక అని మీరనుకుంటున్నారు. అదీ నిజమే. కానీ తను లేకపోతే ఇవన్నీ ఏమవుతాయోనన్న బెంగ అంతకంటే పెద్దది. ఆ బెంగకు "మీరేం దిగులు పడకండి, మేం చూసుకుంటాం" అన్న మాట పనికిరాదు. అది వింటే, నా అవసరం ఇక లేదన్నమాట అని ఇంకా కుంగిపోతారు. ఆవిడ ఎదురుగా కూర్చుని పని అడగండి. "అత్తయ్యా, ఇది ఎదకొస్తే మీకెలా తెలుస్తుంది?" అని అడిగి చూడండి.

ఈ ప్రశ్న ఊరికే చెప్పడం లేదు. గేదె ఈనిన రెండు మూడు నెలలకు మళ్ళీ ఎదకు వస్తుంది. దీపావళి ముందు ఈనింది కాబట్టి ఇంచుమించు అత్తయ్య కారెక్కే రోజుల్లోనే మీ గేదె ఎదకు రావాలి. గేదెల్లో మూగ ఎద ఎక్కువ. ఆవులా అరిచి గోల చేయదు, చాలాసార్లు రాత్రివేళ, తెల్లారుజామున వచ్చి పోతుంది. ఒకసారి తప్పితే మళ్ళీ ఇరవై ఒక్క రోజులు ఆగాలి. అలా రెండు మూడు ఎదలు జారిపోతే ఎండాకాలం వచ్చేస్తుంది, ఎండల్లో గేదె ఎద అసలే కనబడదు. అంటే ఏడాది ఈత పోయినట్టే. మీ అత్తయ్య చీకట్లో లేచి గేదె పడుకున్నచోట ఏం చూస్తారో అడగండి. వెనక తీగలా సాగే జిగురు, ఊరికే కొద్దికొద్దిగా మూత్రం పోయడం, ఆ పూట పాలు తగ్గడం, మేత సగం వదిలేయడం, ఇలాంటివి చెబుతారు. మీ గేదెకు మాత్రమే ఉండే గుర్తు కూడా ఒకటి చెబుతారు, అది ఏ డాక్టరూ చెప్పలేడు. పొద్దున ఎద కనబడితే సాయంత్రం చూడి కట్టే సూది (కృత్రిమ గర్భధారణ) వేయించాలి, సాయంత్రం కనబడితే మర్నాడు పొద్దున.

చెప్పినవన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. స్కూలు పిల్లలుంటే వాళ్ళచేత రాయించండి, ఆవిడకు ఇంకా ఇష్టంగా ఉంటుంది. ఏ గేదె చెవిపోగు నంబరు ఎంత, ఏ తేదీన ఈనింది, గాలికుంటు టీకా ఎప్పుడు వేశారు, గొంతువాపు టీకా వానలకు ముందు వేశారా, తవుడు ఎంత, చెక్క ఎంత, వరిగడ్డి ఎవరి దగ్గర కొంటారు, ఎవరికి పాలబాకీ ఉంది, పొదిగే పెట్ట కింద ఎన్ని గుడ్లు పెడతారు. ఇన్నేళ్ళూ ఆవిడ తలలో ఉన్న లెక్క ఇది. ఇదంతా అడుగుతుంటే మాట ఎక్కడెక్కడికో పోతుంది. మీ పెళ్ళికి ముందు ఇంట్లో ఉన్న ఆవు గురించి, మామయ్యగారి గురించి, ఏదో తుఫానుకు కొట్టం కూలిన రాత్రి గురించి చెబుతారు. ఆ మాటలు రాయాల్సిన పని లేదు, వింటే చాలు. వెళ్ళే సంగతి అప్పుడు ఆవిడే ఎత్తుతారు.

ఇంకొక ప్రశ్న మీరు వేయలేదు, నేనే అడుగుతున్నాను. "ఇక అక్కడే" అని నిర్ణయించింది ఎవరు? అత్తయ్యను అడిగారా? మోకాలి మార్పిడి చేయించుకున్నవాళ్ళు కొద్దిరోజుల్లోనే కర్ర సాయంతో నడుస్తారు, కొన్ని నెలల్లో వాళ్ళ పనులు వాళ్ళు చేసుకుంటారు. గొంతుక్కూర్చుని పాలు పితకడం ఇక కుదరదు గానీ ఊరొచ్చి నాలుగు నెలలు ఉండొచ్చు. బావగారితో, అక్కతో పండగకు కూర్చున్నప్పుడు ఈ మాట అనుకోండి. ఆపరేషన్ అయ్యాక ఎప్పుడు తీసుకొస్తారో నెల పేరు చెప్పించుకోండి. "వస్తూ పోతూ ఉంటావులే అమ్మా" అన్న మాటకు విలువ లేదు. వేసవి సెలవులకో, తొలకరికో అని ఒక గడువు ఉంటే ఆవిడ మందులు వేసుకోవడంలో, నడక సాధన చేయడంలో తేడా కనబడుతుంది. అక్కడ తెల్లారుజామున నాలుగింటికి మెలకువ వచ్చి, చేయడానికి పనేమీ లేక కూర్చుంటారని కూడా మీ అక్కకు ముందే చెప్పండి. బాల్కనీలో నాలుగు కుండీలైనా ఆవిడకు వదిలేయమనండి.

పండగ రోజుల గురించి రెండు జాగ్రత్తలు. కనుమనాడు గొడ్లను కడిగి, కొమ్ములకు రంగులేసి, పొంగలి పెడతారు కదా. ఈసారి అత్తయ్యకు అది చివరి కనుమలా అనిపించి గంపెడు పెడతారు, వచ్చిన చుట్టాలు తలా కాస్త పెడతారు. అన్నం, బియ్యం, గింజలు ఒక్కసారిగా ఎక్కువైతే గేదె కడుపులో పులిసి, మేత మానేసి, పడిపోతుంది. ప్రాణం మీదకు కూడా వస్తుంది. ఒక గుప్పెడు చాలు, మిగతాది పచ్చగడ్డి పెట్టమనండి. కనుమనాడు కాకైనా కదలదంటారు కాబట్టి ప్రయాణం ఎలాగూ ముక్కనుమ తర్వాతే పెడతారు. ఆ రోజు పొద్దున పాలు మీరే పితకండి, ఎప్పటి వేళకే. చివరిసారి నేను పితుకుతానని అత్తయ్య అంటే కాదనొద్దు, పొదుగు కడిగి దూడను వదలనివ్వండి. పిండటం మాత్రం మీరు పిండండి. నెలరోజులు పడ్డ కష్టం ఒక్కపూటతో తారుమారు కాకూడదు. దొడ్డిదారిన, గొడ్లకు కనబడకుండా తీసుకెళ్ళమని ఎవరో ఒకరు అంటారు. అవసరం లేదు. ఆవిడను చావిట్లోకి వెళ్ళి నిమిరి రానివ్వండి. కారు హారన్ కొట్టి తొందరపెట్టొద్దని బావగారికి ముందే చెప్పండి.

ఆవిడ వెళ్ళాక వారం పదిరోజులు పాలు తగ్గుతాయి. ఎంత బాగా అలవాటు చేసినా కొంత తగ్గడం మామూలే. ఆ వారంలో "చూశావా, ఇది మన మాట వినదు, అమ్మేద్దాం" అని మీ ఆయన అంటే ఈ ఉత్తరం చూపించండి.

కుక్క సంగతి మీరు ఒక్కమాటలో వదిలేశారు గానీ అది కూడా ఆవిడ చేతి అన్నమే తిన్నది. ఇప్పటి నుంచే ఒక పూట మీరు పెట్టండి, అదే గిన్నెలో, అదే చోట. ఆవిడ మంచం కింద పడుకునే అలవాటుంటే మంచం తీసేయకుండా కొన్నాళ్ళు అక్కడే ఉంచండి. ఒకటి రెండు రోజులు తినకపోవచ్చు. మూడో రోజుకు కూడా నీళ్ళు ముట్టకపోయినా, చొంగ కారుస్తూ, చూపు మారి, ఊరికే మీద పడుతున్నా అది బెంగ కాదు, పిల్లల్ని దగ్గరకు పోనివ్వకుండా డాక్టర్‌కు చెప్పండి. రేబిస్ టీకా ఏడాదిగా వేయించలేదంటే, దూడ కోసం డాక్టర్ వచ్చినప్పుడే దీనికీ వేయించండి.

వీడియో కాల్ చేయడం అత్తయ్యకు నేర్పించి పంపండి. గేదె మేత మానేసినా, దూడ పేడ రంగు మారినా, పెట్ట పొదగకుండా లేచి తిరుగుతున్నా ఫోన్ పట్టుకెళ్ళి చూపించి అడగండి. మీకు జవాబు తెలిసినా అడగండి. పండగ దాకా ఆగకుండా, దూడకు ఎలా ఉందో, నట్టల మందు పట్టించారో లేదో నాకు ఈ వారంలోనే రాయండి.